బడి వెతికే ముందు తిరిగొచ్చే ఏడాది రాసుకోవాలి

దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో దుబాయ్‌కో దోహాకో ఉద్యోగం మీద వెళ్లిన కుటుంబం మొదటి నెలలో అడిగే మాట ఒకటే: "పిల్లలకు ఇక్కడ మంచి స్కూలు ఏది?" తోటి ఉద్యోగులు నాలుగు పేర్లు చెప్తారు. ఫీజు చూసి, ఇంటికి దగ్గరో దూరమో చూసి, ఒకదానిలో వేసేస్తారు. తప్పు ఇక్కడే మొదలవుతుంది. పిల్లలు ఏ ఏడాది, ఏ తరగతిలో తెలంగాణకు తిరిగొస్తారో తేలకుండా ఏ బడి మంచిదో ఎవరూ చెప్పలేరు. రెండేళ్ల కాంట్రాక్టు మీద పోయిన ఇంటికి సరిపోయే బడి, పదేళ్లు ఉండాలనుకునే ఇంటికి సరిపోదు.

అందుకే కాగితం తీసుకుని ముందు రాయాల్సింది స్కూలు పేరు కాదు, సంవత్సరాలు. పెద్దబిడ్డ ఇప్పుడు ఏ తరగతి, 9వ తరగతికి ఏ జూన్‌లో వస్తుంది, ఇంటర్ రెండో ఏడాది పరీక్ష ఏ మార్చిలో రాస్తుంది, అప్పటికి తండ్రి ఉద్యోగం ఎక్కడ ఉండొచ్చు. ఈ నాలుగూ రాసుకుంటే బడుల జాబితా దానంతటదే సగానికి తగ్గుతుంది.

9వ తరగతి అనే గీత

తెలంగాణలో మెడికల్ సీటుకు "లోకల్", అంటే స్థానిక అభ్యర్థి, కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. అంటే 9, 10, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. 2024 జూలైలో సవరించిన ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న సమర్థించింది. రాష్ట్రం బయట పనిచేసే కొన్ని వర్గాల ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది. గల్ఫ్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేసే నల్లగొండ మనిషి పిల్లలకు అది వర్తించదు. ఊళ్లో ఇల్లు, పొలం, ఓటు అన్నీ ఉన్నా, అమ్మమ్మ తాతయ్య ఇక్కడే ఉన్నా, లెక్కలోకి వచ్చేది పిల్లలు కూర్చున్న బెంచీ ఎక్కడుందన్నదే.

ఉదాహరణకు 2026 జూన్‌లో 9లో చేరిన బిడ్డకు 10వ తరగతి 2027-28లో, ఇంటర్ రెండేళ్లు 2028-29, 2029-30లో వస్తాయి. 2030లో నీట్ రాసే నాటికి నాలుగేళ్లూ నిండుతాయి. అదే బిడ్డ ఒక్క ఏడాది ఆలస్యంగా 10వ తరగతికి వస్తే మూడేళ్లే అవుతాయి. లోకల్ కాదు. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా (తక్కువ ఫీజువి), 35 శాతం బీ కేటగిరీ (యాజమాన్య కోటా), 15 శాతం ఎన్నారై కోటా. లోకల్ పోతే కన్వీనర్ సీటు దాదాపు పోయినట్టే. మిగిలే దారులు లక్షల ఫీజువి.

ఇంజినీరింగ్‌లో కాస్త ఊపిరి ఉంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ పిల్లలవి. మిగతా 15 శాతంలో, తల్లిదండ్రుల్లో ఒకరు తెలంగాణలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే వాళ్ల పిల్లలు కూడా పోటీ పడొచ్చు. బయట ఉద్యోగం చేసిన కాలం ఆ పదేళ్లలో కలవదు.

చివరిదాకా విదేశంలోనే చదివించే వాళ్లకు వేరే దారి ఉంది. భారతీయ పౌరసత్వం ఉన్న పిల్లలు విదేశంలో 12 పూర్తిచేసి జేఈఈ మెయిన్ రాస్తే, ఎన్ఐటీల్లో హోమ్ స్టేట్ కోటాకు వాళ్ల పాస్‌పోర్టులోని శాశ్వత చిరునామా ఏ రాష్ట్రమో అదే లెక్క. పాస్‌పోర్టులో మిర్యాలగూడ చిరునామా ఉన్న బిడ్డకు వరంగల్ ఎన్ఐటీ సొంత రాష్ట్రం కిందికే వస్తుంది. పాస్‌పోర్టు రెన్యువల్‌లో ఆ చిరునామాను తేలికగా మార్చుకోవద్దనేది ఇందుకే. ఇదికాక గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు డాసా పథకంలో, అంటే విదేశాల్లో చదివిన వాళ్లకు ఎన్ఐటీల వంటి చోట్ల విడిగా సీట్లిచ్చే పథకంలో, సీఐడబ్ల్యూజీ అనే విభాగం ఉంది. బహ్రెయిన్, ఇరాన్, ఇరాక్, కువైట్, ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ ఈ ఎనిమిది దేశాలకు అది వర్తిస్తుంది. సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే. ఫీజు మాత్రం మామూలు డాసా కంటే తక్కువ. నిబంధనలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి, ఆ ఏడాది బ్రోచర్ చూసుకోవాలి.

మొత్తం మీద నిలిచే దారులు రెండు. 9 కంటే ముందు రావడం, లేదా 12 అయ్యాకే రావడం. నడుమ, 10లోనో 11లోనో రావడమే అన్నిటికన్నా నష్టం. ఎక్కువ కుటుంబాలు వచ్చేది మాత్రం సరిగ్గా అప్పుడే, "టెన్త్ అయిపోయింది కదా, ఇంటర్‌కు హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో వేద్దాం" అనుకుని. టెన్త్ అయ్యాక వస్తే ఎన్ఐటీ హోమ్ స్టేట్‌కు ఇబ్బంది లేదు, ఇంటర్ ఇక్కడే పాసవుతారు కాబట్టి. మెడిసిన్ అనుకున్న బిడ్డకు మాత్రం తీరని దెబ్బ.

అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి ఇంకో రకం. నల్లగొండ జిల్లాలో ఇలాంటి కుటుంబాలు తక్కువేం లేవు. ఓసీఐ కార్డున్న (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి) పిల్లలు నీట్, జేఈఈ లాంటి పరీక్షల ద్వారా ఎన్నారై సీట్లకో సూపర్ న్యూమరరీ (ఉన్నవాటికి అదనంగా పెట్టే) సీట్లకో మాత్రమే అర్హులని కేంద్రం 2021 మార్చి 4న నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తేదీకి ముందే కార్డు పొందిన వాళ్లకు భారత పౌరులతో సమానంగా పోటీపడే పాత హక్కు ఉంటుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఓసీఐ కార్డు మీద ఉన్న తేదీ ఈ ఇంట్లో బడి ఫీజు కంటే పెద్ద విషయం. ఆ తేదీ తర్వాత కార్డు వచ్చిన బిడ్డను లోకల్ కోసమని 9కి హడావిడిగా తెచ్చి లాభం లేదు. ఆ బిడ్డకు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్), కేంబ్రిడ్జ్ లాంటి అంతర్జాతీయ బోర్డుల చదువే నయం కావొచ్చు.

ఏ సిలబస్

9కి ముందే తిరిగిరావాలనుకుంటే గల్ఫ్‌లో సీబీఎస్ఈ ఇండియన్ స్కూలు సులువైన దారి. ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది, పుస్తకాలు దగ్గరగా ఉంటాయి, ఫీజు కూడా బ్రిటిష్ బడుల కంటే బాగా తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త. 8 అయిపోగానే మార్చిలోనే టీసీ తీసుకోవాలి. "రెండు నెలలు ఊరికే ఎందుకు" అని ఏప్రిల్‌లో అక్కడే 9లో కూర్చోబెట్టి జూన్‌లో తెస్తే, 9వ తరగతి రెండు దేశాల మధ్య చీలుతుంది. నాలుగేళ్ల తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో దాని మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పుకోవడం కష్టం.

బ్రిటిష్ బడిలో చదివే పిల్లలకు ఇంకో చిక్కు, అంకెలది. అక్కడి "ఇయర్" మన తరగతి కంటే ఒకటి ఎక్కువ. ఇయర్ 9 అంటే మన 8. ఇయర్ 10 అంటే మన 9. అంకె చూసి మోసపోయి, "ఇయర్ 9 అయ్యాక 10కి పోవాలి కదా" అనుకుని పిల్లలను ఒక తరగతి పైకి తోసిన వాళ్లున్నారు. ఇయర్ 9 చేరబోతుండగానే "9 మొదలైంది, ఇక ఆలస్యమైపోయింది" అని ఆశ వదిలేసుకున్న వాళ్లూ ఉన్నారు. నిజానికి అలాంటి బిడ్డకు ఇంకా ఒక పూర్తి ఏడాది చేతిలో ఉంది. కాకపోతే బ్రిటిష్ బడులు జూన్ చివరికో జూలై మొదటికో మూస్తారు, తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. అందుకని ఇయర్ 9 పూర్తయినట్టు రాసిన లీవింగ్ సర్టిఫికెట్, రిపోర్టు జూన్ మొదటి వారానికే ఇవ్వమని ఫిబ్రవరిలోనే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

12 దాకా బయటే ఉండేవాళ్లు ఐబీ డిప్లొమా తీసుకుంటే సబ్జెక్టుల ఎంపికను ఇంకా లోతుగా చూడాలి. ఐబీలో ఆరు సబ్జెక్టులు, మొత్తం 45 పాయింట్లు. మామూలు పద్ధతిలో ఇందులో రెండు సైన్సులే ఇముడుతాయి. ఒకటి సైన్సు గ్రూపు నుంచి, రెండోది ఆర్ట్స్ గ్రూపు బదులు. నీట్‌కేమో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. మూడో సైన్సు కోసం స్కూలే ఐబీకి ప్రత్యేకంగా రాసి అనుమతి తెప్పించాలి, అదీ చదువు మొదలయ్యే ముందే. "మా దగ్గర అన్ని సైన్సులూ ఉన్నాయి" అన్న అడ్మిషన్ ఆఫీసు మాట దీనికి సరిపోదు. మూడూ కలిపి తీసుకున్న విద్యార్థులు గత రెండేళ్లలో ఎంతమందో అడగాలి. ఇంజినీరింగ్ అనుకుంటే మ్యాథ్స్‌లో "అనాలిసిస్ అండ్ అప్రోచెస్" హయ్యర్ లెవెల్ తీసుకోవాలి. "అప్లికేషన్స్" స్టాండర్డ్ లెవెల్ తీసుకుంటే మార్కులు సులువుగా వస్తాయి, ఇంజినీరింగ్ సీటు దగ్గర అదే అడ్డం తిరుగుతుంది.

కేంబ్రిడ్జ్ బోర్డులో 11, 12 స్థాయి చదువైన "ఏ లెవెల్"లో మూడు సైన్సులు తీసుకోవడం తేలిక. అక్కడ జారిపోయేది ఇంగ్లీషు. మెడిసిన్‌కు 11, 12 స్థాయిలో ఇంగ్లీషు కూడా చదివి ఉండాలి. ఐజీసీఎస్ఈలో (కేంబ్రిడ్జ్ పదో తరగతి స్థాయి పరీక్షలో) ఇంగ్లీషు అయిపోయిందని ఆ తర్వాత వదిలేసే పిల్లలు ఎక్కువ. ఇంకొకటి, జూన్ పరీక్షల ఫలితాలు ఆగస్టు నడుమ వస్తాయి. అప్పటికి ఇక్కడి కౌన్సెలింగ్ చాలావరకు నడిచిపోయి ఉంటుంది. ఇండియాలోని కేంబ్రిడ్జ్ బడులకు మార్చి పరీక్షలున్నాయి, ఫలితాలు మేలో వస్తాయి. కాబట్టి హైదరాబాద్‌లో కేంబ్రిడ్జ్ బడి చూసేవాళ్లు "మీ పిల్లలు ఏ సిరీస్‌లో రాస్తారు" అని తప్పకుండా అడగాలి. ఐబీ మే పరీక్షల ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి. అదీ బొటాబొటీనే.

ఒక సిలబస్ నుంచి ఇంకోదానికి మారే తలుపులు 8 దాకా బార్లా తెరిచే ఉంటాయి. 9కి, 11కి సగం తెరుచుకుంటాయి, విదేశీ బోర్డు నుంచి వస్తే సీబీఎస్ఈ అనుమతి కావాలి. 10, 12లో మూసుకుపోతాయి. ఐబీ మొదటి ఏడాది చదివి సీబీఎస్ఈ 12లో చేరడం కుదరదు. ఉద్యోగం పోయి ఏడాది నడుమ తిరిగొచ్చే కుటుంబాలకు ఇదే పెద్ద కష్టం. పిల్లలు 9, 11లలో ఉన్న ఏడాది కొత్త కాంట్రాక్టుకు సంతకం చేసేటప్పుడు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

బోర్డు మీది పేరు, లోపలి బడి

"ఇంటర్నేషనల్" అన్న మాటను ఏ బడి అయినా పెట్టుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఆ పేరుతో ఉన్న బడుల్లో స్టేట్ సిలబస్, సీబీఎస్ఈ బడులు కూడా కనిపిస్తాయి. అవి మంచి బడులే కావొచ్చు, ఐబీ బడి అనుకుని చేర్పిస్తేనే చిక్కు. సీబీఎస్ఈ అయితే అఫిలియేషన్ నంబరు సీబీఎస్ఈ వెబ్‌సైట్‌లో కొట్టి చూడాలి. ఏ తరగతి దాకా, ఏ ఏడాది దాకా గుర్తింపు ఉందో అక్కడే కనిపిస్తుంది. ఐబీలో "వరల్డ్ స్కూల్", "క్యాండిడేట్ స్కూల్" ఒకటి కావు. క్యాండిడేట్ అంటే ఇంకా అనుమతి రాలేదని అర్థం. పైగా చిన్న తరగతులకు, మధ్య తరగతులకు, డిప్లొమాకు అనుమతులు వేర్వేరు. ప్రైమరీకి అనుమతి ఉన్న బడిలో డిప్లొమా ఉంటుందని లేదు.

బడిని చూడటానికి ఓపెన్ డే రోజు పోవద్దు. మామూలు మంగళవారం పోవాలి. 7వ తరగతి గదిలో ఒక మ్యాథ్స్ నోట్‌బుక్ అడిగి తీసుకుని పోయిన వారం పేజీ తిప్పితే చాలా తెలుస్తుంది. దిద్దిన తేదీ ఉందా, తప్పు మీద టిక్కు పడిందా, పిల్లాడు ఆ తప్పును మళ్లీ చేసి చూపించాడా. ఏసీ గదులు, స్విమ్మింగ్ పూల్ ఎవరైనా చూపిస్తారు. ఈ పేజీని ముందుగా సిద్ధం చేసి పెట్టలేరు. ఆ తర్వాత అడగాల్సింది టీచర్ల గురించి. నిరుడు ఉన్నవాళ్లలో ఈ ఏడాది ఎంతమంది ఉన్నారు? గల్ఫ్‌లో రెండేళ్ల కాంట్రాక్టు టీచర్లు ఎక్కువ. 11, 12 మధ్యలో ఫిజిక్స్ సారు మారిపోతే ఆ ఏడాది తేరుకోవడం కష్టం.

డే స్కూలు అన్నప్పుడు బస్సు కూడా బడిలో భాగమే. అడగాల్సింది దూరం కాదు, ఆ రూట్లో మొదటి స్టాపు ఎన్నింటికి, చివరి పిల్లవాడు దిగేది ఎన్నింటికి అని. గల్ఫ్‌లో బడులు ఏడున్నర ప్రాంతంలో మొదలవుతాయి. మొదటి స్టాపులో ఎక్కే ఐదేళ్ల పిల్ల ఐదుంబావుకు లేవాలి, ఆరుంబావుకు బస్సులో ఉండాలి, గంట తర్వాత గేటు దగ్గర దిగాలి. సాయంత్రం మళ్లీ అదే గంట, నలభై డిగ్రీల ఎండలో. పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట దాటితే ఆ బడి ఎంత మంచిదైనా ప్రైమరీ పిల్లలకు వద్దు. అద్దె ఇల్లు తీసుకోక ముందే బడి తేల్చుకోవాలి. ఇల్లు ముందు తీసుకుంటే బడిని బస్సు ఎంపిక చేస్తుంది.

కంపెనీ ఇచ్చే ఎడ్యుకేషన్ అలవెన్సు లెటర్‌ను మాట మాట చదవాలి. ఎంతమంది పిల్లలకు, ఏ నెల నుంచి, ట్యూషన్ ఫీజుకేనా, బస్సు, పుస్తకాలు, యూనిఫారం కలుస్తాయా? ఐబీ, కేంబ్రిడ్జ్ పరీక్ష ఫీజులు సబ్జెక్టు లెక్కన విడిగా పడతాయి. బడి మానేటప్పుడు ఒక టర్మ్ ముందు నోటీసు ఇవ్వాలన్న షరతు చాలాచోట్ల ఉంటుంది, ఇవ్వకపోతే ఆ టర్మ్ ఫీజు కట్టాలి. బాకీ తీరేదాకా టీసీ ఆపుతారు. టీసీ ఆగితే 9వ తరగతి జూన్ పోతుంది, దానితో నాలుగేళ్ల లెక్కే పోతుంది. అందుకే తిరిగిరావాలనుకున్న ఏడాది జనవరిలోనే నోటీసు ఇచ్చేయాలి.

ఊళ్లో ఉండి హైదరాబాద్ బడి

తిరిగొచ్చాక సొంతూళ్లో ఉంటూ పిల్లలను హైదరాబాద్ ఇంటర్నేషనల్ డే స్కూలుకు పంపాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి గానీ నల్లగొండ నుంచి గానీ హైదరాబాద్ వంద కిలోమీటర్లు. అది డే స్కూలు దూరం కాదు. షాద్‌నగర్ యాభై, చౌటుప్పల్ కూడా అంతే. దానికి తోడు ఐబీ, కేంబ్రిడ్జ్ బడులు ఎక్కువగా నగరానికి పడమటన, గచ్చిబౌలి, ఖాజాగూడ, గండిపేట వైపున్నాయి. షాద్‌నగర్ వాళ్లకు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే కొంత దగ్గర. నల్లగొండ రోడ్డు మీది వాళ్లు పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కాక కూడా గచ్చిబౌలికి ఇంకా యాభై కిలోమీటర్లకు పైగా పోవాలి. ఆ వైపు కుటుంబాలు వీక్లీ హాస్టల్ ఉన్న బడో, హయత్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల మంచి సీబీఎస్ఈ బడో చూసుకోవడం మేలు.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌కో (పరిశ్రమల ప్రత్యేక మండలికో), దివిటిపల్లి బ్యాటరీ పరిశ్రమకో, కొత్తూరు ఫ్యాక్టరీలకో విదేశీ ఇంజినీరు కుటుంబంతో వస్తే కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు జడ్చర్లలోనో షాద్‌నగర్‌లోనో ఇల్లు చూపిస్తారు. పిల్లలుంటే అది తిరగేయాలి. ఇల్లు శంషాబాద్, రాజేంద్రనగర్ వైపు తీసుకుని పెద్దవాళ్లు హైవే మీద ఎదురు దిక్కున పనికి పోవాలి. శంషాబాద్ నుంచి జడ్చర్ల సుమారు అరవై కిలోమీటర్లు, పెద్దవాళ్లు తట్టుకోగలరు. ఆరేళ్ల పిల్లలు తట్టుకోలేరు. వీళ్లకు లోకల్ లెక్క అక్కర్లేదు. సొంత దేశంలో ఏ సిలబస్‌కు తిరిగి పోతారో దానికి అతికే బడి కావాలి. ఏడాది నడుమ చేర్చుకుంటారా, ఇంగ్లీషు రాని పిల్లలకు విడిగా నేర్పే టీచరు ఉన్నారా అన్న రెండే వాళ్ల అసలు ప్రశ్నలు.

కాగితాలు, తెలుగు

టీసీ మీది పేరు దగ్గరే ఎక్కువ పనులు ఆగుతాయి. ఇక్కడి బడి రికార్డులో "బి. అక్షిత" అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, పూర్తిగా ఉంటుంది. అక్కడి బడి ఇద్దరూ ఒకరే అని ఒప్పుకోదు. పోయే ముందే ఇక్కడి బడిలో అడ్మిషన్ రిజిస్టర్ చూపించి, పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం టీసీ రాయించాలి. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా అంతే. ఆ తర్వాత డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో కౌంటర్ సంతకం, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర. సౌదీ, ఒమన్, బహ్రెయిన్, అమెరికాకు అపోస్టిల్ ముద్ర (ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఒప్పుకునే ధ్రువీకరణ) చాలు. యూఏఈ, ఖతార్, కువైట్ అపోస్టిల్ ఒప్పందంలో లేవు కాబట్టి ఆ దేశ ఎంబసీ ముద్ర కూడా వేయించాలి. ఈ పనికి మూడు నాలుగు వారాలు చేతిలో పెట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడూ ఇదే వరస, దిక్కు మారుతుందంతే.

మిగిలింది తెలుగు. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి. 9వ తరగతికి 2025-26 నుంచి, 10కి ఆ మరుసటి ఏడాది నుంచి అని 2025లో ఉత్తర్వు ఇచ్చారు, అమలు ఎంతవరకు వచ్చిందో బడిలో అడగాలి. ఈ బడుల పిల్లలకు "సింగిడి" బదులు సులువైన "వెన్నెల" వాచకం పెట్టారు. గల్ఫ్ ఇండియన్ స్కూళ్లలో హిందీ, మలయాళం దొరికినంత తేలిగ్గా తెలుగు దొరకదు. సీబీఎస్ఈలో తెలంగాణ తెలుగుకు 089 అనే కోడ్ ఉంది. అక్కడి బడి ఆ సబ్జెక్టు చెప్తుందా అని అడగడంలో నష్టం లేదు. చెప్పకపోతే ఇంట్లోనే నేర్పాలి. మాట్లాడటం వచ్చిన పిల్లలకు గుణింతాలు, ఒత్తులు పట్టుబడటానికి రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఒక ఏడాది సరిపోతుంది. 8వ తరగతిలో హడావిడిగా మొదలుపెడితే చదవడం వస్తుంది గానీ రాయడం రాదు, మార్కులు పోయేది రాతలోనే. 5, 6 తరగతుల్లో, ఇంకా పరీక్షల బరువు లేనప్పుడు మొదలుపెట్టాలి. వేసవి సెలవుల్లో నకిరేకల్‌కో వనపర్తికో వచ్చినప్పుడు తాతయ్య పేపర్ చదివిస్తూ పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ నెలన్నరలో పిల్లలు పట్టుకునే మాటలు ఏ ఆన్‌లైన్ క్లాసులోనూ దొరకవు.